పరాయివారు కారు



ఆటిజం గల అమెరికా పశుశాస్త్రజ్ఞురాలు టెంపుల్ గ్రాండిన్, అంగారక గ్రహమునకు వెళ్లి అక్కడివారిని పరిశీలించుచున్నట్లు తనకుండునని వైద్యుడు ఆలివర్ శాక్స్‌తో చెప్పియున్నారు. ఆ మాటే 1995లో ఆయన గ్రంథమునకు పేరయినది. ఆమె లెక్కలో వింత లోకము మనదే!

ఇట్టి పోలిక విని, తమ ఒంటరితనమునకు మాట దొరికినదని ఊరట చెందిన ఆటిజం గలవారున్నారు. తామును ఇక్కడ పుట్టినవారమే గదా అని నొచ్చుకొన్నవారును ఉన్నారు. వారు చెప్పుకొనుట వేరు, మనము అనుట వేరు.

ఆటిజం గల బ్రిటిష్ పండితుడు డేమియన్ మిల్టన్, అపార్థము ఇరువైపులా ఉన్నదని 2012లో వ్రాసిరి. కనుక డోలు మ్రోతకు చెవులు మూసుకొను బిడ్డను చూచి "వేరే లోకమువాడు" అనకుడి. మ్రోత తగ్గించి, వాని ప్రక్కన కూర్చుండుడి. ఆ తల్లియు, ఆ బిడ్డయు మన మాట వినుచున్నారు.