నీటిని తాకీ తాకని పడవ

వరదల్లో మన జవాన్లు వాడే ఔట్‌బోర్డ్ మోటారు మీకు తెలిసిందే. అమెరికాలో అలాంటిదాన్నే హైడ్రోప్లేన్ అనే చిన్న రేసు పడవకు బిగిస్తారు. వేగం అందుకున్నాక అది నీటిని మూడు చోట్లే తాకుతుంది: ముందు రెండు స్పాన్సన్లు, వెనక ప్రొపెల్లరు. మోటారును కాస్త పైకి బిగిస్తే నీటి ఒరిపిడి తగ్గి వేగం పెరుగుతుంది. మరీ పైకైతే ప్రొపెల్లరుకి పట్టు దొరకదు. మోటారు కిందిభాగాన్ని పడవకు ఎడంగా వాలిస్తే ముక్కు లేస్తుంది. మరీ లేస్తే అడుగున దూరిన గాలి పడవనే తిరగేస్తుంది. 1967 జనవరి 4న ఇంగ్లండులో డొనాల్డ్ క్యాంప్‌బెల్ జెట్ హైడ్రోప్లేన్ అలాగే గాల్లోకి లేచి పల్టీ కొట్టింది, ఆయన ప్రాణం పోయింది. అందుకే నేను చెప్పేది ఒకటే: ఒకసారికి ఒక్క మార్పే చేయండి, రాసిపెట్టుకోండి. మనిషి పడిపోతే మోటారు ఆపే తాడు కట్టుకోకుండా మాత్రం బయల్దేరొద్దు.