విల్లూ వంచాలి, కత్తీ దూయాలి

మన ఇళ్ళలో పిల్లలు, పిల్లలే ఏమిటి, ఆఫీసు నుంచి తిరిగొచ్చిన పెద్దలు కూడా స్క్రీన్ ముందు కూర్చుని ఒక యోధుణ్ణి తయారు చేసుకుంటూ ఉంటారు. వాడికో పేరు పెడతారు, ఆయుధం ఇస్తారు. ఆ తర్వాత తలకేం పెట్టాలి, ఛాతీకేం తొడగాలి, చేతులకేం, కాళ్ళకేం అని చాలాసేపు ఆలోచిస్తారు. పక్కనుంచి చూసేవాళ్ళకు అది బొమ్మకు బట్టలు మార్చినట్టు కనిపిస్తుంది. నిజానికి అక్కడ నడుస్తున్నది వెయ్యేళ్ళ కిందట కవచాలు చేసినవాళ్ళు వేసుకున్న లెక్కే. ఈ పూట ఆ లెక్క గురించి మాట్లాడతాను. అందులోనూ ఒకే రకం యోధుడి గురించి. దూరాన ఉన్నవాణ్ణి బాణంతో కొట్టి, మీదికొచ్చినవాణ్ణి కత్తితో ఎదుర్కొనే యోధుడు. గేమ్స్ ఆడేవాళ్ళు వీణ్ణి హైబ్రిడ్ అంటారు.

ఉత్త విలుకాడికి చిక్కు తక్కువ. తేలికపాటి తోలు కవచం తొడిగి, దెబ్బ తగలని దూరంలో ఉంటే చాలు. ఉత్త కత్తివీరుడికీ తక్కువే. మోయగలిగినంత ఇనుము మోస్తాడు. రెండు పనులూ చేసేవాడికే తంటా. నారి లాగడానికి భుజం స్వేచ్ఛగా తిరగాలి. కత్తి యుద్ధంలో ఆ భుజం మీదే దెబ్బ పడుతుంది. బాణం వేసేటప్పుడు రెండు చేతులూ విల్లుకే సరిపోతాయి, డాలు పట్టే చేయి మిగలదు.

ఈ చిక్కును జపాన్ కవచకారులు విప్పిన తీరు నాకు అన్నిటికన్నా ఇష్టం. హెయాన్ కాలంలో, సుమారు పదో శతాబ్దం నుంచి, అక్కడి యోధుడంటే ముందుగా గుర్రం మీది విలుకాడు. కత్తి ఆ తర్వాతి మాట. అతని కోసం పుట్టిన కవచం పేరు ఓయొరోయ్. బరువు సుమారు 30 కిలోలు. చిన్న చిన్న రేకులను లక్కతో పూత పూసి, పట్టుతాళ్ళతోనో తోలుతాళ్ళతోనో వరుసలుగా అల్లేవారు. ఆ రేకులన్నీ ఇనుపవి కావు. ప్రాణం పోయే చోట్ల ఇనుప రేకులు కలిపి అల్లి, మిగతా చోట్ల పచ్చితోలు రేకులు వాడేవారు. ఒకే కవచంలో రెండు పదార్థాలు. బరువు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ తగ్గించాలో శరీరాన్ని చూసి తేల్చుకున్నారన్నమాట.

ఇంకా చూడండి. ఆ కవచానికి కుడీ ఎడమా ఒకేలా ఉండవు. గుర్రం మీద విలుకాడు బాణం వేసేది తన ఎడమవైపుకు, కాబట్టి శత్రువుకు ఎదురయ్యేది ఎడమ పక్క. అందుకే ఎడమ రొమ్ము మీద క్యూబి నో ఇతా అనే ఒంటి రేకు, గట్టిది. కుడి రొమ్ము మీద సెందాన్ నో ఇతా, మూడు వరుసలుగా అల్లినది. నారి లాగే చేయి కదిలినప్పుడు అదీ మడత పడుతుంది. తొలిరోజుల్లో ముంజేతి తొడుగు కూడా ఎడమ చేతికి మాత్రమే. కుడిచేయి తేలికగా ఉండాలి. ఛాతీ ముందు భాగమంతా రేకుల మీద నున్నటి తోలు పరిచారు. వదిలిన నారి రేకుల అంచులకు తగులుకోకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. ఇక భుజాల నుంచి వేలాడే పెద్ద పలకలు, ఓసోదేలు, డాలు పని చేస్తాయి. విల్లు లాగినప్పుడు అవి వెనక్కి జారి దారి ఇస్తాయి, చేతులు దించితే ముందుకొచ్చి కప్పుతాయి. డాలు పట్టే చేయి లేనివాడికి భుజాలకే డాళ్ళు కట్టారు. ఒక్కసారి మనసులో ఊహించుకుంటే, ఆ పనితనం ఎంత లోతైన ఆలోచనో తెలుస్తుంది. టోక్యో దగ్గర ఓమె పట్టణంలోని ముసాషి మితాకె దేవాలయంలో ఎర్ర తాళ్ళతో అల్లిన ఓయొరోయ్ ఒకటి ఇప్పటికీ ఉంది. జపాన్ ప్రభుత్వం దాన్ని జాతీయ నిధిగా ప్రకటించింది.

అయితే ఈ కవచం బరువు దాదాపు అంతా భుజాల మీదే పడుతుంది. జీను మీద కూర్చున్నవాడికి ఫరవాలేదు, నేల మీద నడిచేవాడికి నరకం. తరువాతి శతాబ్దాల్లో కాలినడక యుద్ధాలు పెరిగాక, ఒంటికి చుట్టుకుని నడుము మీద కూడా బరువు నిలిచే దోమారు, హరామాకి లాంటి కవచాలు ముందుకొచ్చాయి. చేసే పని మారింది, కవచమూ మారింది.

ఇక ఆటల్లోకి వద్దాం. ఇప్పటి ఇలాంటి ఆటలకు పెద్దన్న 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్. పాచికలతో, కాగితాలతో ఆడే ఆట. 2014లో వచ్చిన దాని 5వ ఎడిషన్‌లో కవచం మూడు రకాలు: తేలిక, మధ్యస్థం, బరువు. అందులో ఒక చక్కని లెక్క ఉంది. మేకులు కొట్టిన తోలు కవచం 12 రక్షణ ఇస్తుంది, దానికి మీ యోధుడి చురుకుదనం మొత్తం కలుస్తుంది. ఛాతీ రేకు కవచం 14 ఇస్తుంది గానీ, చురుకుదనం ఎంతున్నా 2 మాత్రమే కలవనిస్తుంది. చురుకుదనం 3 ఉన్నప్పుడు తోలుతో 15, రేకుతో 16. రేకే మేలు. అదే చురుకుదనం 5కు పెరిగాక తోలుతో 17, రేకు అదే 16 దగ్గర ఆగిపోతుంది. 45 బంగారు నాణేల తోలు 400 నాణేల రేకును దాటేస్తుంది! విల్లుకూ, సన్నని మొనకత్తికీ ఒకే చురుకుదనం పనికొస్తుంది కాబట్టి, ఈ యోధుడు మొదట్లో రేకు వేసుకుని, చేయి తిరిగాక తోలుకు మారడం తెలివైన పని. డాలు తొడగడానికీ తీయడానికీ ఈ ఆటలో ఒక వంతులోని ప్రధాన చర్య ఖర్చవుతుంది. విల్లు నుంచి కత్తికి తరచూ మారేవాడు డాలు మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

ఆ ఆటలో కవచం మొత్తంగా ఒక ముక్క. తలకొకటి, ఒంటికొకటి కలిపి వేసుకునే సరదా కంప్యూటర్ ఆటల్లో వస్తుంది. జపాన్ సంస్థ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2022 ఫిబ్రవరిలో విడుదల చేసిన ఎల్డెన్ రింగ్‌లో తల, ఛాతీ, చేతులు, కాళ్ళు నాలుగూ విడివిడి. ఏది దేనితోనైనా కలపొచ్చు. అన్నీ ఒకే జత అయితే అదనపు లాభమంటూ ఏమీ లేదు. ఉన్నదల్లా బరువు హద్దు. మోయగల బరువులో 70 శాతం దాటితే పక్కకు దొర్లడం మందగిస్తుంది, 30 శాతం లోపు ఉంటే ఇంకా దూరం దొర్లుతాడు. ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. చేతిలో ఉన్న ఆయుధమే కాదు, మార్చుకోవడానికి పక్కన తగిలించుకున్న ఆయుధం బరువు కూడా లెక్కలోకి వస్తుంది. బాణాలకు బరువు లేదు, విల్లుకు ఉంది. విల్లూ కత్తీ రెండూ మోసేవాడు అప్పటికే ఇతరులకన్నా వెనకబడి ఉంటాడు. కాబట్టి ముందు ఆయుధాలు తేల్చుకుని, మిగిలిన బరువుతోనే కవచం ఎంచుకోవాలి.

ఆ మిగిలిన బరువు ఎక్కడ పెట్టాలి? ఛాతీకే. నాలుగు భాగాల్లో ఎక్కువ రక్షణా, దెబ్బకు తూలిపోకుండా నిలిపే శక్తీ దానివే. బాణం గురిపెట్టినప్పుడు డాలు అడ్డం పెట్టలేం కదా, ఆ క్షణంలో ఎదుటివాడి దెబ్బ మీద పడితే గురి చెడకుండా ఆపేది ఆ నిలకడే. చేతుల తొడుగులూ శిరస్త్రాణమూ తేలికవి తీసుకుని, 70 శాతం గీత లోపల ఆగాలి. ఇనుపరేకులు ఎక్కడ కలపాలో తేల్చుకున్న ఆ పాత కవచకారుల దారి ఇదే.

అన్ని ఆటలూ ఇలా ఉండవు. 2011 నవంబరులో బెథెస్డా సంస్థ తెచ్చిన స్కైరిమ్‌లో కలగలుపు వేషానికి జరిమానా ఉంది. తల నుంచి కాళ్ళ దాకా అంతా తేలిక కవచమే అయితే రక్షణ 25 శాతం పెరిగే నైపుణ్యం ఒకటి, అంతా ఒకే జత అయితే మరో 25 శాతం పెరిగేది ఇంకొకటి. ఒక్క ఇనుప బూటు కలిపినా ఆ రెండూ పోతాయి. పైగా నాలుగు భాగాలూ తొడిగినవాడికి రక్షణ అంకె 567 చేరాక, దెబ్బ 80 శాతం తగ్గే హద్దు వచ్చేస్తుంది. ఆపైన ఎంత ఇనుము పోసినా ఫలితం లేదు. కొలిమి పని బాగా నేర్చినవాడు తేలిక కవచంతోనే ఆ హద్దు చేరగలడు. అందుకని స్కైరిమ్‌లో విల్లూ కత్తీ పట్టేవాడికి నేను ఒకే జత తేలిక కవచమే చెబుతాను. నైపుణ్యాలు ఇంకా రాని మొదటి రోజుల్లో మాత్రం దొరికిందల్లా కలిపి వేసుకోవచ్చు, నష్టం లేదు.

అయినా నా మనసు కలగలుపు కవచం వైపే మొగ్గుతుంది, ఎందుకంటే చరిత్ర అటే ఉంది. 1415లో ఫ్రాన్స్‌లోని అజిన్‌కోర్ట్ దగ్గర ఇంగ్లండ్ విలుకాళ్ళు బాణాల వాన కురిపించాక, విల్లులు పక్కన పడేసి కత్తులు, గొడ్డళ్ళు, సుత్తులు పట్టుకుని బురదలో ఫ్రెంచి యోధుల మీద పడ్డారు. ఆ విలుకాళ్ళ ఒంటి మీద ఉన్న రక్షణ తక్కువే, ఆ బురదలో అదే వాళ్ళకు కలిసొచ్చింది. మన దేశంలో మొఘలుల కాలపు రౌతులు విల్లూ తల్వారూ రెండూ వాడేవారు. వాళ్ళ ఒంటికి ఇనుప కడియాలు అల్లిన చొక్కా, దాని మీద రొమ్ముకూ వీపుకూ రెండు పక్కలకూ నాలుగు రేకులు. ఆ కవచాన్ని చార్ ఆయినా అన్నారు. చంకల దగ్గర రేకులను వంపుగా కోసి, చేయి ఆడటానికి చోటు వదిలారు. భుజం దగ్గర కడియాల అల్లిక, గుండె దగ్గర గట్టి రేకు.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది. మీ ఇంట్లో ఈ ఆటలు ఆడే పిల్లలుంటే ఒక సెలవు రోజున అక్కడికి తీసుకెళ్ళండి. పాత కవచం ఏది కనబడినా, ముందు చంక దగ్గర చూడమనండి. తర్వాత మోచేయి, ఆ తర్వాత మెడ. ఎక్కడ గట్టి రేకు ఆగిపోయి మెత్తటి అల్లిక మొదలైందో వాళ్ళే కనిపెడతారు. అది తొడిగినవాడు ఏ ఆయుధం పట్టేవాడో అప్పుడు వాళ్ళనే చెప్పమనండి.