రెండు చోట్ల ఉన్నంత మాత్రాన భద్రమేనా? – ఇంటి ఫొటోలు, సింక్, బ్యాకప్

ఈరోజు మనం ప్రతి ఇంట్లోనూ ఉన్న ఒక సంపద గురించి మాట్లాడుకుందాం. అదే ఫొటోలు.

మా చిన్నప్పుడు ఇంటికి ఒకటో రెండో ఆల్బమ్‌లు ఉండేవి. అవి బీరువాలో పట్టుచీరల పక్కన ఉండేవి. ఇప్పుడు మధ్యతరగతి కుటుంబంలో కూడా నలభై వేల ఫొటోలు ఉండటం వింత కాదు. ఒక్కొక్కటి సగటున 4 మెగాబైట్లు అనుకుంటే మొత్తం 160 గిగాబైట్లు. ఇవి కూడా ఒకచోట ఉండవు. కొన్ని ఇంటి కంప్యూటర్‌లో, కొన్ని ల్యాప్‌టాప్‌లో, కొన్ని అమ్మాయి ఫోన్‌లో ఉంటాయి. వీటన్నిటినీ ఒక తీరుగా ఉంచడం ఎలా? పోకుండా కాపాడుకోవడం ఎలా? ఈ రెండూ ఒకే ప్రశ్న అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. దానికి మూల్యం చెల్లించాను కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను.

2012 సంక్రాంతికి మా కుటుంబమంతా మా నాన్నగారి దగ్గర చేరాం. మూడు రోజుల్లో దాదాపు మూడు వందల ఫొటోలు తీశాం. ఆ ఆగస్టులో నాన్నగారు పోయారు. మా ఇంట్లో ఒక బల్ల కంప్యూటర్, ఒక ల్యాప్‌టాప్ ఉండేవి. రోజూ రాత్రి రెండింటినీ సరిపోల్చి సమానం చేసే ప్రోగ్రామ్ ఒకటి నేనే పెట్టాను. రెండు చోట్ల ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉన్నాను. 2013 ఏప్రిల్‌లో ల్యాప్‌టాప్‌లో చోటు చాలక మా అబ్బాయి కొన్ని ఫోల్డర్లు తీసేశాడు. ‘అసలువి పెద్ద కంప్యూటర్‌లో ఉన్నాయిగా’ అనుకున్నాడు. ఆ రాత్రి ప్రోగ్రామ్ తన పని తాను చేసింది. తెల్లవారేసరికి పెద్ద కంప్యూటర్‌లోనూ అవి లేవు. సంవత్సరీకానికి నాన్నగారి ఫొటో పెద్దది చేయిద్దామని వెతికినప్పుడు గానీ మాకు సంగతి తెలియలేదు. మా చెల్లాయికి నేను రాసిచ్చిన ఒక సీడీలో నలభై ఒక్క ఫొటోలు మిగిలాయి. అంతే.

తప్పు మా అబ్బాయిది కాదు. ప్రోగ్రామ్‌ది అంతకన్నా కాదు. సింక్‌ను నేను బ్యాకప్ అనుకోవడమే తప్పు. సింక్ అంటే రెండు చోట్ల ఈనాటి స్థితిని సమానం చేయడం. బ్యాకప్ అంటే ఈనాడు మనం చేసిన పొరపాటు అంటకుండా నిన్నటి స్థితిని దాచి ఉంచడం. సింక్ మన మార్పులన్నిటినీ మోసుకుపోతుంది, పొరపాట్లతో సహా.

అసలు కంప్యూటర్ ఎలా సరిపోలుస్తుందో చూద్దాం. ఈ బల్ల మీద ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి రెండు ఫోల్డర్లు ఉన్నాయనుకోండి. ఒక ఫొటో ఎడమవైపు ఉంది, కుడివైపు లేదు. దీని అర్థమేమిటి? ఎడమవైపు కొత్తగా వచ్చి ఉండవచ్చు, లేదా కుడివైపు ఎవరైనా తీసేసి ఉండవచ్చు. ఇప్పటి స్థితిని ఎంతసేపు చూసినా ఈ రెండింటిలో ఏది నిజమో తేలదు. కిందటిసారి సింక్ చేసినప్పుడు ఏమేమి ఉన్నాయో ఒక జాబితా ఉండాలి. ఫొటో ఆ జాబితాలో ఉంటే కుడివైపు తీసేశారని, లేకపోతే ఎడమవైపు కొత్తగా వచ్చిందని తేలుతుంది. రెండు వైపుల నుంచీ మార్పులు తీసుకునే సింక్ ప్రోగ్రామ్‌లు ఇందుకోసమే పాత స్థితిని గుర్తుపెట్టుకుంటాయి. ఒకే ఫైల్‌ను రెండు చోట్లా మార్చితే దాన్ని తగువు అంటారు. అప్పుడు సింక్‌థింగ్ వంటి ప్రోగ్రామ్ ఒక ప్రతికి వేరే పేరు పెట్టి రెండింటినీ ఉంచుతుంది. మీ ఫోల్డర్‌లో ఎప్పుడైనా అలాంటి వింత పేరు కనిపిస్తే చెత్త అనుకుని తీసేయకండి. తెరిచి చూడండి.

ఇక ఫైల్ మారిందో లేదో తెలుసుకోవడం. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ 1996లో రూపొందించిన ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్ మామూలుగా రెండే చూస్తుంది: ఫైల్ పరిమాణం, చివరిసారి మార్చిన సమయం. రెండూ సరిపోతే ఫైల్ మారలేదని ముందుకు పోతుంది. ఇది చాలా వేగమైన పద్ధతి. కానీ డిస్క్ పాడై లోపల కొన్ని బిట్లు తారుమారైతే పరిమాణం మారదు, తేదీ మారదు. అప్పుడు ఈ పరీక్షకు ఆ తేడా అందదు.

దీనికి చెక్‌సమ్ అనే ఉపాయం ఉంది. బడిలో కూడిక సరిచూడటానికి అంకెలన్నీ కలిపి చూసేవాళ్లం, గుర్తుందా? 472లో అంకెల మొత్తం 13. ఒక అంకె మారితే మొత్తం మారుతుంది. కానీ 742లో కూడా మొత్తం 13 అవుతుంది కదా! అందుకని ప్రతి అంకెనూ దాని స్థానంతో గుణించి కూడదాం. 472కు 4, 14, 6 కలిపితే 24. 742కు 7, 8, 6 కలిపితే 21. తేడా బయటపడింది. ఎస్‌హెచ్‌ఏ-256 వంటి పద్ధతులు ఇంతకన్నా ఎంతో జటిలమైనవి. ఫొటో ఎంత పెద్దదైనా దానికి 256 బిట్ల వేలిముద్ర ఒకటి తయారుచేస్తాయి. ఒక్క బిట్ మారినా ఆ ముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. కాపీ చేశాక రెండు చోట్లా ముద్రలు సరిచూస్తే కాపీ సరైనదో కాదో తేలుతుంది. ఆర్‌సింక్‌లో కూడా చెక్‌సమ్‌తో సరిపోల్చమని అడిగే వీలుంది. సమయం ఎక్కువ పడుతుంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు చేస్తే చాలు.

ఇప్పుడు ఆచరణకు వద్దాం. మొదటిది, ఒక కంప్యూటర్‌ను మూలస్థానంగా నిర్ణయించుకోండి. ఎవరు తీసిన ఫొటో అయినా ముందు అక్కడికే రావాలి. మిగిలిన చోట్లకు అక్కడి నుంచే వెళ్లాలి. అయితే అద్దంలా అచ్చు దింపే పద్ధతి మూలంలో లేని ఫైళ్లను రెండో వైపున తొలగిస్తుందని మరవకండి. ఫోల్డర్ పేరును ఏడు, నెల, రోజు క్రమంలో పెట్టండి: 2012-01-14 సంక్రాంతి అన్నట్టు. అప్పుడు పేర్ల వరుసే కాలక్రమం అవుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, తీసిన తేదీ వివరాలు కూడా పోతాయి. కాబట్టి ఫోన్ నుంచి అసలు ఫైలే తెచ్చుకోండి.

రెండోది, 3-2-1 సూత్రం. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటికి దూరంగా. దూరం ఎందుకు? 2015 డిసెంబరులో చెన్నైలో, 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో విజయవాడలో వరద నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. ఒకే బీరువాలో ఉన్న మూడు ప్రతులు ఒకేసారి తడుస్తాయి. బ్యాకప్ డిస్క్‌ను పని అయ్యాక ఊడదీసి పెట్టండి. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ దేశదేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళాలు వేసింది. తగిలించి ఉన్న డిస్క్‌కు ఇలాంటి వాటి నుంచి రక్షణ లేదు.

మూడోది, ఇంటర్నెట్‌లో దాచుకోవడం. మంచిదే, కానీ లెక్క వేసుకోండి. సెకనుకు 20 మెగాబిట్ల వేగంతో 160 గిగాబైట్లు ఎక్కడానికి దాదాపు 18 గంటలు పడుతుంది. సెకనుకు 100 మెగాబైట్లు రాసే బయటి డిస్క్‌కైతే అరగంట కూడా పట్టదు. పైగా ఉచితం ఎప్పటికీ ఉచితంగా ఉండదు. గూగుల్ ఫొటోస్ 2015లో మొదలుపెట్టిన పరిమితి లేని ఉచిత సౌకర్యం 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇంటర్నెట్ ప్రతి మూడింట ఒకటి కావచ్చు గానీ, ఏకైక ప్రతి కారాదు.

నాలుగోది అందరం వదిలేసేది: తిరిగి తీసి చూడటం. బ్యాకప్ నుంచి ఏదో ఒక ఫోల్డర్‌ను మరో కంప్యూటర్‌లోకి తెచ్చి, పది ఫొటోలు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్. లేకపోతే అది మన నమ్మకం మాత్రమే.

మా ఇంట్లో ఇప్పుడు రెండు బయటి డిస్క్‌లు ఉన్నాయి. ఒకటి నా దగ్గర, ఒకటి మా చెల్లాయి దగ్గర. ఏటా సంక్రాంతికి కలిసినప్పుడు మార్చుకుంటాం. ఆ నలభై ఒక్క ఫొటోలూ రెండింటిలోనూ ఉన్నాయి. మిగతావి ఇక రావు. మీ ఇంట్లో అలాంటి మూడు వందలు ఇప్పటికీ ఉండి ఉంటాయి. అవి ఎన్ని చోట్ల ఉన్నాయో, ఒకచోట తీసేస్తే రెండోచోట ఏమవుతుందో ఈ ఆదివారం ఒక్కసారి చూసుకోండి.