చిప్పు లోపలా, బయటా?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

“నువ్వు చేసే పని అందరికీ అర్థమయ్యేలా చెప్పు” అని కార్యదర్శి గారు పది నిమిషాలు ఇచ్చారు. టీవీ రిమోటులో, వాషింగ్ మెషీన్లో, పొలంలోని మోటారు స్టార్టరులో మైక్రోకంట్రోలర్ అనే చిప్పు ఉంటుంది. అది ఏం చెయ్యాలో చెప్పే ప్రోగ్రాం, కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ మెమరీలో ఉంటుంది. ఆ ఫ్లాష్ చిప్పు లోపలే ఉండాలా, పక్కన వేరే చిప్పుగా ఉండాలా? ముప్పై ఏళ్లుగా నాకు ఇదే తగువు.

1994లో మన బడికి కూతవేటు దూరంలో, ఇదే అమీర్‌పేటలో, ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఇంటెల్ 8031 మీద చెయ్యి తిప్పాను. దాని లోపల ప్రోగ్రాం దాచే చోటే లేదు. పక్కన ఈప్రామ్ పెట్టాలి. ఒక్క తప్పు దొర్లితే ఈప్రామ్‌ను ఊడదీసి, అతినీలలోహిత దీపం కింద ఇరవై నిమిషాలు ఉంచి చెరపాలి. ఆ ఇరవై నిమిషాలూ కింద హోటల్లో చాయ్. తర్వాత అట్మెల్ 89సి51 చేతికొచ్చింది. 4 కిలోబైట్ల ఫ్లాష్ లోపలే. ఈప్రామ్ పోయింది, చాయ్ కూడా పోయింది.

ఇప్పుడు కథ మళ్లీ మొదటికొచ్చింది. 2021లో రాస్ప్‌బెర్రీ పై వాళ్లు తెచ్చిన ఆర్‌పీ2040లో ప్రోగ్రాం ఫ్లాష్ లోపల లేదు; బయట 16 మెగాబైట్ల దాకా పెట్టుకోవచ్చు. ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యే కొద్దీ అదే సిలికాన్ మీద ఫ్లాష్ చెయ్యడం కష్టం, ఖర్చు. బయటైతే చవక. కాకపోతే ఎవరైనా క్లిప్పు తగిలించి చదివేసుకోవచ్చు. కాపీ సంగతి మా పదో తరగతి బ్యాచ్‌కి నేను చెప్పక్కర్లేదు.

ఆ చవకకే నేనూ లొంగాను. బోరుబావి మోటార్ల కోసం ఒక కంట్రోలరు డిజైన్ చేశాను. ప్రోగ్రామూ, మోటారు ఎన్ని గంటలు నడిచిందో రాసే లెక్కలూ ఒకే బయటి ఫ్లాష్‌లో పెట్టాను. కంట్రోలరు 2 వోల్టుల దాకా పనిచేస్తుంది. ఫ్లాష్‌కు కనీసం 2.7 కావాలి. కరెంటు పోతూ వోల్టేజి దిగుతుంటే, కంట్రోలరు మెలకువగానే ఉండి “చెరుపు, రాయి” అంటోంది. ఫ్లాష్ అప్పటికే మగతలో ఉంది. ఆ మగతలో చిరునామా తప్పు విని, లెక్కల బదులు ప్రోగ్రామునే చెరిపేసింది. ప్రోగ్రాం ఉన్న భాగంలో రాతను అడ్డుకునే ఏర్పాటు ఆ చిప్పులోనే ఉంది. నేను వాడలేదు.

బల్ల మీద వందసార్లు స్విచ్ వేసి తీశాను, ఏమీ కాలేదు. పల్లెలో కరెంటు అలా శుభ్రంగా పోదు కదా. ఒక రైతు ఫోన్ చేశాడు: “సారూ, మీ డబ్బా పనిజేస్తలేదు, పొలం ఎండుతాంది.” వరి పొట్ట మీదుంది. ఆ రాత్రే బయల్దేరి, తెల్లారేసరికి స్టార్టరును పాత పద్ధతిలో నేరుగా కలిపి నీళ్లు వదిలాం.

తర్వాతి బోర్డులో ప్రోగ్రాం లోపలి ఫ్లాష్‌కి మారింది. లెక్కలు బయటే ఉన్నాయి. వోల్టేజి 2.9కి దిగగానే కంట్రోలరును ఆపేసే చిన్న చిప్పు ఒకటి చేర్చాను. బోర్డు ధర పెరిగింది, మా కంపెనీలో మాట కూడా పడ్డాను.

పాడైన బోర్డుల్లో రెండు, క్లిప్పుతో సహా, మన ఫిజిక్స్ ల్యాబ్‌కి ఇచ్చాను. చదివి చూస్తే ప్రోగ్రాం ఉండాల్సిన చోట వరసగా ఎఫ్ఎఫ్‌లు కనిపిస్తాయి. చెరిగిన ఫ్లాష్ అలాగే ఉంటుంది. అవి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో తొమ్మిదో తరగతి పిల్లలు కనిపెట్టాలి. అర్థం కాకపోతే మాస్టారితో ఫోన్ చేయించండి. మా ఆఫీసు పంజాగుట్టలోనే, మెట్రోలో ఒక్క స్టేషను.