ఐస్‌క్రీము – క్రొత్త రుచులు

పల్నాటి జొన్నకూటిని, నీటి యెద్దడిని ఎత్తిపొడుచుచు శ్రీనాథుడు చెప్పెనని ప్రసిద్ధమైన చాటుపద్యములు మన పెద్దలు పలువురికి కంఠస్థములు. సన్నబియ్యమునకు అలవాటుపడిన కవిసార్వభౌమునకు వింతగా తోచిన జొన్నముద్ద, దానితోనే పెరిగిన పల్నాటివారికి కమ్మని భోజనము. వింత రుచి యనునది చాలవరకు అలవాటును బట్టియే యుండును.

ఐస్‌క్రీము విషయమునను ఇంతే. వెనిజులా దేశమున మెరిడా పట్టణమందు, పోర్చుగలునుండి వలసవచ్చిన మాన్యుయెల్ ద సిల్వ ఒలివేరా యనునాతడు ఒక ఐస్‌క్రీము అంగడి నెలకొల్పెను. దాని పేరు హెలదెరియా కొరొమోతో. వెల్లుల్లితో, చిక్కుడుగింజలతో, తుదకు చేపతో సయితము అచ్చట ఐస్‌క్రీము చేసిరి. రుచులు వందలకొలది పెరిగి గిన్నిస్ గ్రంథమున కెక్కినవి. వినుటకు వేడుకగనే యున్నది. కాని రుచుల లెక్క పెంచుట ఒకటి. ఒక పండునకు తగిన పాకము కనుగొనుట వేరొకటి.

ఈ రెండవదానికి ఉదాహరణము మన హైదరాబాదులోనే కలదు. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్టున, 1951లో వెలసిన ఫేమస్ ఐస్‌క్రీము దుకాణము ఆయా కాలములందు దొరకు పండ్లతో, ముఖ్యముగా సీతాఫలముతో, చేయు ఐస్‌క్రీమునకు పేరుపొందినది.

సీతాఫలమునకు ఐస్‌క్రీము ఏల తగియున్నది? మాగిన పండు రెండు మూడు దినములకు మించి నిలువదు. గుజ్జును కాచినచో చేదెక్కును. గాలి సోకినచో నల్లబడును. మామిడివలె తాండ్ర పోయుటకు గాని, నిమ్మవలె ఊరవేయుటకు గాని వీలు లేదు. చల్లదనమే దానికి రక్ష. కావున పాలను చిక్కగా మరగించి, చక్కెర కలిపి, పూర్తిగా చల్లారిన పిదపనే గింజలు తీసిన గుజ్జును చేర్చవలెను. చలువ నాలుకకు తీపిని తగ్గించి చూపును గనుక, గడ్డకట్టకముందు పాలు ఒకింత ఎక్కువ తీపిగా ఉండుట మేలు.

చేతితో చేయు పద్ధతిలో చెక్కతొట్టి నడుమ లోహపు డబ్బా నిలిపి, చుట్టును మంచుముక్కలు, రాతియుప్పు కూరి త్రిప్పుదురు. ఉప్పు కలిసిన మంచు సున్న డిగ్రీలకంటె చాల దిగువకు, సరియైన పాళ్లలో మైనస్ 21 వరకు, చల్లబడగలదు. ఎడతెగక త్రిప్పుటవలన మంచుపలుకులు సన్నబడి ఐస్‌క్రీము నునుపెక్కును.

మాచర్లవైపు నల్లమల అంచున, రాతినేలలందు సీతాఫలము ఎవరును నాటకుండగనే పెరుగును. గంపలకెత్తి సంతకు తెచ్చిన పండ్లు ఒకటి రెండు దినములలో అమ్ముడుపోనిచో ఏరి తెచ్చినవారి శ్రమ మట్టిపాలగును. గుజ్జు తీసి శీతలములో దాచు ఏర్పాటున్నచో ఆ శ్రమకు విలువ దక్కును. 2022లో జిల్లాకేంద్రమైన నరసరావుపేటలో ఐస్‌క్రీము అమ్మువారు ఇది ఆలోచింపదగును.

పల్నాటి మిరపను సయితము విడువనక్కరలేదు. కారము నీటిలో కరగదు. పాలలోని క్రొవ్వులో కరగును. కావున చిటికెడు కారము చేర్చిన ఐస్‌క్రీము మొదట చల్లగా, తియ్యగా తగిలి, పిమ్మట గొంతున మెల్లగా వెచ్చబడును.

క్రొత్త రుచి యెదురైనప్పుడు మనము వెంటనే మొగము చిట్లింపనక్కరలేదు. అది ఏ నేల పంట, ఎవరి శ్రమను నిలుపుచున్నది యని విచారించి, ఒక చెంచా రుచిచూచుదము.