పనికి తగ్గ మెట్టు

(మహిళా సంఘం సమావేశంలో ఒక రిటైరైన ఆసుపత్రి ఆయా చేసిన ప్రసంగం)

అమ్మల్లారా, అక్కల్లారా, చెల్లెళ్లారా,

నేను పెద్ద చదువులు చదివిన మనిషిని కాను. ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లు పని చేశాను. ముప్పై నాలుగో ఏట రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఈ రోజు జీతం గురించి నాలుగు మాటలు చెప్తాను. ఈ పనికి ఇంత జీతం అని ఎట్లా నిర్ణయిస్తారు? ఎవరు నిర్ణయిస్తారు? అది తప్పైతే మనం ఏం చేయాలి?

ముందు నా సంగతి వినండి.

నేను పనిలో చేరినప్పుడు ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. అందులో ఏం రాసుందో నాకు తెలీదు. తెల్లారి ఆరింటికల్లా వెళ్లేదాన్ని. వార్డు ఊడ్చేదాన్ని, తుడిచేదాన్ని. అంతటితో పని అయిపోయేదా? రోగిని స్ట్రెచర్ మీదికి ఎత్తాలి. పక్క మార్చాలి. నర్సమ్మ కట్టు కడుతుంటే కాలు కదలకుండా పట్టుకోవాలి. కేసును పట్నం పెద్దాసుపత్రికి రాస్తే అంబులెన్సులో నేనే తోడు వెళ్లాలి. సెలైను సీసా పైకెత్తి పట్టుకుని గతుకుల రోడ్డు మీద రెండు గంటలు కూర్చోవాలి. ఒకసారి దారిలోనే ఒకమ్మాయికి కాన్పయింది. డ్రైవరు బండి పక్కకు ఆపాడు. బిడ్డను అందుకున్నది ఈ చేతులే.

అక్షరాలు వచ్చాక ఒకరోజు నా గుర్తింపు కార్డు తీశాను. కూడబలుక్కుని చదివాను. పేరు దగ్గర నా పేరుంది. ఉద్యోగం దగ్గర "స్వీపరు" అని ఉంది.

ఊడ్చే పని తక్కువదని నేను అనట్లేదమ్మా. ఆ పని చేసేవాళ్లు లేకపోతే ఆసుపత్రే లేదు. కానీ నేను రెండు పనులు చేస్తున్నాను. కార్డులో ఒక పనే ఉంది. జీతం ఆ ఒక్క పనికే వస్తోంది.

ఆఫీసుకు వెళ్లి అడిగాను. "కాగితంలో ఏది రాసుంటే దానికే జీతం" అన్నారు. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే దారి కూడా ఆ మాటలోనే దొరికింది. అయితే ఆ కాగితాన్నే మార్చాలి!

ఇంగ్లండులో అంబులెన్సు వాళ్లు

చాలా ఏళ్ల తర్వాత మా యూనియన్ తరగతిలో ఇంగ్లండు అంబులెన్సు కార్మికుల సంగతి చెప్పారు. వింటుంటే నా కథే విన్నట్టు అనిపించింది.

మనకు 108 ఉన్నట్టు వాళ్లకు 999 ఉంది. ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. అక్కడ సర్కారు వైద్య సేవను ఎన్‌హెచ్‌ఎస్ అంటారు. అది 1948 జూలై 5న మొదలైంది. అంబులెన్సులో పారామెడిక్ అనే శిక్షణ పొందిన వైద్య ఉద్యోగి ఉంటారు. చాలా బళ్లలో వారి పక్కన ఒక సహాయకుడో సహాయకురాలో ఉంటారు. వాళ్లను ఎమర్జెన్సీ కేర్ అసిస్టెంట్లు అంటారు.

పేరుకు సహాయకులే. పని చూడండి. సైరన్ వేసుకుని బండి నడపాలి. బరువైన రోగిని మేడ మీది నుంచి కిందికి దింపాలి. గుండె ఆగిన మనిషి ఛాతీ మీద చేతులతో నొక్కాలి. నాడి చూడాలి. ఏడుస్తున్న ఇంటివాళ్లకు ధైర్యం చెప్పాలి.

ఎన్‌హెచ్‌ఎస్‌లో 2004లో కొత్త జీతాల పద్ధతి పెట్టారు. అది నిచ్చెన లాంటిది. దానికి 9 మెట్లు. ఒక్కో మెట్టును బ్యాండు అంటారు. పై మెట్టుకు ఎక్కువ జీతం, కింది మెట్టుకు తక్కువ జీతం. అంబులెన్సు సహాయకులను చాలాచోట్ల 3వ మెట్టు మీద పెట్టారు. పారామెడిక్‌లు మొదట 5వ మెట్టు మీద ఉండేవాళ్లు. వాళ్ల బాధ్యత పెరిగిందని సంఘాలు వాదించాయి. 2016 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. వాళ్లు 6వ మెట్టు ఎక్కారు.

అప్పుడు సహాయకుల తరఫున కూడా సంఘాలు అడిగాయి. "వీళ్ల పని కూడా పెరిగింది కదా! మెట్టు ఎందుకు మారలేదు?" అన్నాయి. అక్కడి యూనిసన్ అనే పెద్ద సంఘం ఇలాంటి పోరాటాల్లో ముందుంటుంది. మూడు సంఘాలు 1993లో కలిసి యూనిసన్ అయింది.

మనసు పడే శ్రమకూ మార్కులు

ఏ పనికి ఏ మెట్టు అని ఎట్లా తేలుస్తారు? దానికి లెక్క ఉంది. ఆ పనిని 16 విషయాల్లో చూస్తారు. ఒక్కో విషయానికి మార్కులు వేస్తారు. అన్నీ కూడితే మెట్టు తేలుతుంది.

ఎంత చదువు, ఎంత శిక్షణ కావాలి? రోగి బాధ్యత ఎంత? సొంతంగా నిర్ణయం ఎంత తీసుకోవాలి? ఒంటి శ్రమ ఎంత? ఎండా వానా, రక్తం, వాంతి లాంటివి ఎంత భరించాలి? ఇట్లాంటివన్నీ ఉంటాయి. అందులో ఒకటి విని నేను ఆశ్చర్యపోయాను. మనసు పడే శ్రమకూ మార్కులున్నాయి! చనిపోయిన పసిబిడ్డను చేతిలోకి తీసుకోవడం, తల్లికి ఆ మాట చెప్పడం కూడా శ్రమేనని అక్కడ కాగితం మీద రాసుకున్నారు.

మనం ఆ శ్రమను ఎప్పుడన్నా లెక్కేశామా? ఆడవాళ్లు ఓర్పుగా చేస్తారులే అని వదిలేస్తారు. ఓర్పు పుట్టుకతో వస్తుందా? అదీ నేర్చుకున్న పనే.

ఈ మార్కులు వేసే కమిటీలో యాజమాన్యం వాళ్లు ఉంటారు, యూనియన్ వాళ్లూ ఉంటారు. తప్పు జరిగిందనుకుంటే మళ్లీ చూడమని అడగవచ్చు. కానీ కమిటీ ముందు పెట్టేది ఏంటి? ఏ పని చేస్తున్నామో రాసిన కాగితం. అది పాతదైతే మార్కులు పాతవే. పని పెరిగి కాగితం మారకపోతే కార్మికుడు నష్టపోతాడు.

ఆసుపత్రి సహాయకులకు జరిగింది ఇదే. వార్డుల్లో పనిచేసే సహాయకులు 2వ మెట్టు మీద ఉండేవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. రోగికి స్నానం, తిండి, పక్క మార్చడం 2వ మెట్టు పని. నాడి, బీపీ, షుగరు చూసి రాయడం, రక్తం తీయడం లాంటివి 3వ మెట్టు పని. 2021లో ఈ తేడాను కాగితం మీద స్పష్టంగా రాశారు. అది చదివిన సహాయకులు "మేము ఏళ్ల తరబడి చేస్తున్నది 3వ మెట్టు పనే కదా" అన్నారు. రోజూ ఏమేం చేస్తున్నారో రాసి సంఘానికి ఇచ్చారు. కొన్నిచోట్ల సమ్మె చేశారు. చాలా ఆసుపత్రుల్లో మెట్టు పెరిగింది. వెనకటి బాకీ కూడా కొంత వచ్చింది. అయితే అన్నిచోట్లా ఒకేసారి గెలవలేదు, ఒకే రకంగా గెలవలేదు.

యాజమాన్యాలు ఏమంటాయి? "డబ్బు లేదు" అంటాయి. లేదా "అయితే ఆ పనులు మీరు చేయొద్దు" అంటాయి. చేయకపోతే ఎవరు చేస్తారు? రోగి ఆగుతాడా? అందుకే పని ఆపడం కన్నా పనికి తగ్గ మెట్టు ఇవ్వడమే న్యాయమని సంఘం అంటుంది.

సంతకం బలం

ఇంగ్లండులో ఇది ఒక్క రోజులో రాలేదు. 1968లో డాగెన్‌హామ్ అనే చోట ఫోర్డు కార్ల ఫ్యాక్టరీలో 187 మంది ఆడవాళ్లు కారు సీట్ల గుడ్డ కుట్టేవాళ్లు. కుట్టు మిషను పని మనకు తెలిసిందే కదా. ఆ పనికి నైపుణ్యం అక్కర్లేదని వాళ్లను కింది గ్రేడులో పెట్టారు. పైగా ఆ గ్రేడులో మగవాళ్లకిచ్చే జీతంలో నూటికి 85 వంతులే ఇచ్చారు. ఆడవాళ్లు సమ్మెకు దిగారు. సీటు లేకుండా కారు బయటికి పోతుందా? ఫ్యాక్టరీ ఆగింది. మూడు వారాలకు జీతం 92 వంతులకు పెరిగింది. 1970లో సమాన వేతన చట్టం వచ్చింది. కానీ కుట్టుపని నైపుణ్యం గల పనే అని గ్రేడు మార్చింది 1984లో, మరో సమ్మె తర్వాత. అంటే 16 ఏళ్లు పట్టింది!

అంబులెన్సు వాళ్లు 1989లో, 1990లో పెద్ద పోరాటం చేశారు. వాళ్లకు మద్దతుగా జనం 40 లక్షలకు పైగా సంతకాలు చేశారు. ఆ సంతకాల కట్టలు పార్లమెంటుకు తీసుకెళ్లారు. జీతాలు పెరిగాయి. ఏటా ఒక పద్ధతి ప్రకారం జీతం పెరగాలన్న ముఖ్యమైన కోరిక మాత్రం అప్పుడు తీరలేదు.

మన దేశం సంగతి

మన దేశంలోనూ ఇలాంటి పోరాటాలున్నాయి. ఢిల్లీ పోలీసు శాఖలో రణధీర్ సింగ్ అనే డ్రైవరు ఉండేవాడు. వేరే శాఖల్లో అదే పని చేసే డ్రైవర్లకు ఎక్కువ జీతం. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1982లో కోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. సమాన పనికి సమాన వేతనం అన్నది రాజ్యాంగం చెప్పే లక్ష్యమే అంది. 2016లో పంజాబు కేసులో సుప్రీంకోర్టు మరో మాట చెప్పింది. పర్మినెంటు ఉద్యోగి చేసే పనే తాత్కాలిక ఉద్యోగి చేస్తుంటే, ఆ స్కేలులో మొదటి జీతమైనా ఇవ్వాలంది.

మన దగ్గర 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. డ్రైవరును పైలట్ అంటారు. పేరు గొప్పగా ఉంది. అయినా జీతాల కోసం 108 కార్మికులు పలుమార్లు సమ్మె చేయాల్సి వచ్చింది. ఆశా కార్యకర్తలనేమో స్వచ్ఛంద కార్యకర్తలన్నారు. ఇచ్చేది జీతం అనలేదు, పారితోషికం అన్నారు. అంగన్‌వాడీ అక్కలకు ఇచ్చేది గౌరవ వేతనం అన్నారు. 2022లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు గ్రాట్యుటీ ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆ చట్టం కింద గౌరవ వేతనం కూడా వేతనమే అంది. చూశారా? ఒక్క పేరు మీద ఎంత ఆధారపడి ఉందో!

నా నోటు పుస్తకం

మళ్లీ నా సంగతికి వస్తాను. మా వార్డు ఆయాలం ఆరుగురం కలిశాం. తలా ఒక నోటు పుస్తకం కొన్నాం. రోజూ రాశాం. తేదీ, వేళ, చేసిన పని. "రాత్రి పదకొండు. స్ట్రెచర్. కాలు విరిగిన ముసలాయన." ఒత్తులు తప్పుగా రాశాను. దీర్ఘాలు వదిలేశాను. అయినా రాశాను. ఇద్దరికి చదువు రాదు. వాళ్లు చెప్తే నేను రాసి పెట్టాను. మూడు నెలలు రాసి ఆ పుస్తకాలు యూనియన్ వాళ్లకు ఇచ్చాం.

రెండేళ్లు తిప్పారు. చివరికి కార్డు మారింది. "వార్డు ఆయా" అని రాశారు. జీతం కొంచెం పెరిగింది. వెనకటి బాకీ మాత్రం రాలేదు. ఆ పుస్తకం ఇంకా నా ట్రంకు పెట్టెలో ఉంది.

మీరు ఏ పని చేసినా ఇవి మరిచిపోకండి. వేలిముద్ర గానీ సంతకం గానీ పెట్టే ముందు కాగితం చదవండి, లేదా చదివించుకోండి. మీ పని పేరు ఏమని రాశారో చూడండి. రోజూ చేసే పని రాసి పెట్టండి. ఒక్కరే వెళ్లకండి, కలిసి వెళ్లండి. ఇచ్చిన అర్జీకి నకలు ఉంచుకోండి.

మన పని ఏంటో మనకంటే ఎవరికి బాగా తెలుసు? దాన్ని మన చేత్తోనే రాద్దాం.

సెలవు.

ఆలోచించండి, చర్చించండి

1. మీరు చేసే పనికి కాగితంలో ఏం పేరుంది? మీరు అంతకన్నా ఎక్కువ పని చేస్తున్నారా?

2. మనసు పడే శ్రమ అంటే ఏమిటి? మీ పనిలో అది ఎక్కడ ఉంది?

3. నిన్న మీరు చేసిన పనులన్నీ వరసగా మీ నోటు పుస్తకంలో రాయండి.