చేప నెత్తుటిలో ఇనుము కాపలా

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో శీలావతికో, బొచ్చెకో ఒంటిమీద ఎర్రమచ్చలు తేలితే రైతుకు గుండె జారిపోతుంది. చాలాసార్లు అది ఏరోమోనాస్ అనే బాక్టీరియా పని. అది పెరగాలంటే ఇనుము కావాలి. చేప నెత్తుటిలో ఇనుముంది, కానీ విడిగా దొరకదు. ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్, అణువుకు రెండేసి ఇనుప పరమాణువుల చొప్పున గట్టిగా పట్టుకుని ఉంటుంది. కణాల్లోపల ఫెరిటిన్ వేల పరమాణువులను తన బోలు కడుపులో దాస్తుంది. జబ్బు సోకితే హెప్సిడిన్ అనే హార్మోను నెత్తుట్లోకి వచ్చే ఇనుమును ఇంకా తగ్గిస్తుంది. శత్రువును ఆకలితో మాడ్చడం! ఎంత చక్కని రక్షణో చూడండి. బాక్టీరియా కూడా ఊరుకోదు, ఇనుమును లాక్కునే చిన్న అణువులను వదులుతుంది. అందుకే రైతు సోదరులారా, మేతలో ఇనుమున్న ఖనిజ మిశ్రమాన్ని తోచినంత కలపకండి. మత్స్యశాఖ వారిని అడిగి, చెప్పిన మోతాదే వేయండి.